కోవూరులో పుట్టిన అప్పు, హైదరాబాద్‌లో తేలిన డిపాజిట్

మూడు నెలలకోసారి కలెక్టరేట్‌లో బ్యాంకర్ల సమావేశం జరుగుతుంది. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఒక మూల వార్త వస్తుంది. డిపాజిట్లు ఇన్ని వేల కోట్లు, రుణాలు ఇన్ని వేల కోట్లు, వార్షిక రుణ ప్రణాళికలో ఇంత శాతం పూర్తయింది, సీడీ రేషియో ఇంత. నెల్లూరైనా ఒంగోలైనా ఈ వార్త మూస ఒకటే, అంకెలే మారతాయి. చాలామంది దాన్ని దాటేసి సినిమా పేజీకి వెళ్లిపోతారు. ఓపికగా చదివినవాళ్లు కూడా ఆ సీడీ రేషియో దగ్గర ఆగిపోతారు.

వంద రూపాయల డిపాజిట్‌కి ఎన్ని రూపాయల అప్పు ఇచ్చారన్నదే సీడీ రేషియో. 2025 మార్చి నాటికి దేశంలో బ్యాంకు డిపాజిట్లు సుమారు 225 లక్షల కోట్లు, అప్పులు సుమారు 182 లక్షల కోట్లు. అంటే రేషియో 80 చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఇది వంద దాటి చాలా ఏళ్లయింది. వంద రూపాయలు దాచుకుంటే వందకు పైన అప్పెలా ఇస్తారు? మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది? బ్యాంకు మునుగుతుందా అని కొందరికి టెన్షన్. బయటి రాష్ట్రాల డబ్బు తెచ్చి మన దగ్గర పోస్తున్నారని ఇంకొందరికి సంతోషం.

ఈ ఇద్దరి మనసులో ఉన్న బొమ్మ ఒకటే. డిపాజిట్లు సోమశిల జలాశయంలో చేరిన నీళ్లు, అప్పులు అక్కడి నుంచి కాలువలకు వదిలే నీళ్లు. నిల్వ ఉన్నంతే వదలగలం, వదిలినంత తగ్గుతుంది. చూడ్డానికి సబబుగానే ఉంటుంది. కానీ బ్యాంకుల విషయంలో తూము ఎత్తినప్పుడే నీళ్లు పుడతాయి. ఈ ఒక్క సంగతి పట్టుబడితే జిల్లా వార్తలోని అంకెలన్నీ వేరేగా కనిపిస్తాయి.

అప్పే డిపాజిట్ అవుతుంది

కోవూరు దగ్గర ఒక వరి రైతుకు బ్యాంకు 2 లక్షల పంట రుణం ఇచ్చిందనుకుందాం. మంజూరు కాగానే కంప్యూటర్‌లో రెండు పద్దులు పడతాయి. లోను ఖాతాలో రైతు బాకీ 2 లక్షలు. సేవింగ్స్ ఖాతాలో రైతు నిల్వ 2 లక్షలు. ఆ నిమిషంలో ఏ రిటైర్డ్ మాస్టారి ఫిక్స్‌డ్ డిపాజిట్ నుంచీ రూపాయి తగ్గలేదు. ఆయన డబ్బు ఆయన ఖాతాలోనే ఉంది, రైతు ఖాతాలో కొత్తగా 2 లక్షలు చేరాయి. దేశంలో ఉన్న మొత్తం డబ్బు 2 లక్షలు పెరిగింది. పంట అమ్మి రైతు బాకీ కట్టిన రోజున ఆ 2 లక్షలూ చెరిగిపోతాయి. అప్పుతో పుట్టిన డబ్బు తీరిన అప్పుతో పోతుంది. ఇదేదో కొత్త సిద్ధాంతం కాదు. 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన త్రైమాసిక పత్రికలో దీన్నే విడమరిచి రాసింది, పాఠ్యపుస్తకాల్లో చెప్పే వరుస తలకిందులుగా ఉందని కూడా చెప్పింది.

అదే రైతు ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసిచ్చి 2 లక్షలు తెచ్చుకుంటే? వ్యాపారి ఖాతాలో 2 లక్షలు తగ్గాయి, రైతు ఖాతాలో 2 లక్షలు పెరిగాయి. మొత్తం డబ్బులో మార్పు లేదు. చిట్టీ పాట పాడినా ఇంతే, డీలరు దగ్గర రొయ్యల మేత అరువు తెచ్చినా ఇంతే. అప్పు తీసుకునేవాడికి ఈ రెండు రకాలకీ వడ్డీలో తప్ప తేడా కనిపించదు. ఆర్థిక వ్యవస్థకు మాత్రం ఇవి వేర్వేరు పనులు. ఒకరు ఉన్న డబ్బును చేతులు మారుస్తారు, బ్యాంకు లేని డబ్బును పుట్టిస్తుంది.

అలాగైతే ఎంతైనా పుట్టించొచ్చా?

కుదరదు. కోవూరు రైతు ఆ 2 లక్షల్లో 80 వేలు ఎరువుల కొట్టుకు కట్టాడు. కొట్టు యజమాని ఖాతా వేరే బ్యాంకులో ఉంది. ఇప్పుడు మొదటి బ్యాంకు ఆ 80 వేలను రెండో బ్యాంకుకు నిజంగా చెల్లించాలి. ఆ చెల్లింపు రిజర్వ్ బ్యాంకులో ఈ రెండింటికీ ఉన్న ఖాతాల మధ్య జరుగుతుంది. అక్కడ నిల్వ లేకపోతే బ్యాంకు ఎక్కడైనా వడ్డీకి తెచ్చుకోవాలి. రైతు కూలీల కోసం 30 వేలు నోట్ల రూపంలో తీసుకున్నా అంతే, బ్యాంకు దగ్గరున్న నగదు తగ్గుతుంది. అందుకే ఏ బ్యాంకుకైనా డిపాజిట్లు కావాలి, లేకపోతే మేనేజర్లు ఇళ్ల చుట్టూ తిరగరు. అన్ని బ్యాంకులనూ ఒకటిగా కలిపి చూస్తే మాత్రం డిపాజిట్లలో ఎక్కువ భాగం అప్పుల్లోంచే పుట్టినవి. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. టీవీ చర్చల్లో గందరగోళమంతా వీటిని కలిపేయడం వల్లే వస్తుంది.

క్యాష్ రిజర్వ్ రేషియో, అంటే సీఆర్‌ఆర్ గురించి వినే ఉంటారు. డిపాజిట్లలో ఇంత శాతం రిజర్వ్ బ్యాంకు దగ్గర వడ్డీ లేకుండా ఉంచాలి. 2024 డిసెంబరులో దీన్ని 4.5 నుంచి 4 శాతానికి తగ్గిస్తే బ్యాంకుల చేతికి 1.16 లక్షల కోట్లు వచ్చాయి. 2025 జూన్‌లో ఇంకో ఒక శాతం కోత ప్రకటించారు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నాలుగు విడతల్లో అది అమలై సీఆర్‌ఆర్ 3 శాతానికి దిగింది, 2.5 లక్షల కోట్లు విడుదలయ్యాయి. ఇది కాక 18 శాతం ప్రభుత్వ బాండ్ల లాంటి వాటిలో పెట్టాలి. ఇన్ని లక్షల కోట్లు వదిలారు కాబట్టి అప్పులు ఇన్ని రెట్లు పెరగాలని లెక్కలు కట్టేవాళ్లున్నారు. అలా జరగదు. అప్పు అడిగేవాడు ఉండాలి, తీరుస్తాడన్న నమ్మకం ఉండాలి, అన్నిటికీ మించి బ్యాంకుకు సొంత మూలధనం ఉండాలి.

అసలు పగ్గం మూలధనమే అనడానికి మంచి ఉదాహరణ ఉంది. తాకట్టు లేని వ్యక్తిగత రుణాలు, క్రెడిట్ కార్డు బాకీలు మరీ ఎగబాకుతున్నాయని 2023 నవంబరు 16న రిజర్వ్ బ్యాంకు ఒక నిబంధన బిగించింది. వ్యక్తిగత రుణాల రిస్క్ వెయిట్‌ను 100 నుంచి 125 శాతానికి పెంచింది. అంటే ప్రతి అప్పుకూ బ్యాంకు పక్కన పెట్టాల్సిన సొంత డబ్బు నాలుగో వంతు పెరిగింది. డిపాజిట్ల జోలికి వెళ్లలేదు, సీఆర్‌ఆర్ ముట్టుకోలేదు. అయినా ఫోన్‌లో రెండు నిమిషాల్లో వచ్చే అప్పుల జోరు ఆ తర్వాత తగ్గింది.

నోట్లు ఎంత, అంకెలు ఎంత

జనం దగ్గరున్న నోట్లు, బ్యాంకు డిపాజిట్లు కలిపితే వచ్చేదాన్ని ఎం3 అంటారు. డబ్బు ఎంతుందని ఎవరైనా అడిగితే చెప్పే లెక్క ఇది. 2025 మార్చి నాటికి సుమారు 272 లక్షల కోట్లు. అందులో నోట్లు, నాణేలు 36 లక్షల కోట్ల చుట్టుపక్కల, అంటే 13 శాతం. మిగతాదంతా బ్యాంకు పుస్తకాల్లో అంకెలే. మన జేబులో కనిపించేదాన్ని డబ్బనుకుంటాం కానీ అది మొత్తంలో ఏడో వంతు కూడా లేదు.

2016 నవంబరు 8 రాత్రి జరిగింది ఈ కోణంలో చూస్తే బాగా అర్థమవుతుంది. చలామణిలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం, 15.41 లక్షల కోట్లు చెల్లవన్నారు. అందులో 99 శాతానికి పైగా బ్యాంకులకు తిరిగొచ్చింది. నోట్లు తగ్గాయి, డిపాజిట్లు అదే మేరకు పెరిగాయి, ఎం3 దాదాపు ఉన్నచోటే ఉంది. అయినా కూలీలకు ఇవ్వడానికి నోట్లు లేక రైతులూ, సరుకు కొనడానికి నోట్లు లేక చిల్లర వ్యాపారులూ అల్లాడారు. డబ్బు మొత్తం ఎంతన్నదే కాదు, ఏ రూపంలో ఉందన్నదీ ముఖ్యమే. యూపీఐ లావాదేవీల సంఖ్య 2025 ఆగస్టులో నెలకు 2 వేల కోట్లు దాటింది. ఫోన్‌పేలో కొట్టిన ప్రతి రూపాయీ ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వెళ్లడమే, దాంతో కొత్త డబ్బేమీ పుట్టదు. ఇంత యూపీఐ వచ్చినా నోట్ల మొత్తం ఏటా పెరుగుతూనే ఉంది.

మన నేల మీదే ఇంకో ఉదాహరణ ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగళ్ల మీదికి వెళ్లిన తర్వాత, నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు లేచాయి. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకోవడం అందులోని ఆలోచన. ఆ రూపాయి బ్యాంకులో పడితే ఎం3 పెరుగుతుందా? పెరగదు. నోటు తగ్గింది, డిపాజిట్ పెరిగింది, అంతే. సంఘానికి బ్యాంకు లింకేజీ రుణం మంజూరైన రోజునే కొత్త డబ్బు పుట్టింది. అలాగని పొదుపు వృథా అనుకోవద్దు. క్రమం తప్పకుండా దాచుకున్న ఆ పుస్తకమే వాళ్ల మీద బ్యాంకుకు నమ్మకం పుట్టించింది. ఇవాళ డ్వాక్రా సంఘానికి తాకట్టు లేకుండా 20 లక్షల దాకా ఇవ్వొచ్చన్న నిబంధన ఆ నమ్మకం మీద నిలబడిందే. ఆస్తి కాగితం లేనివాళ్లకు డబ్బు పుట్టించే హక్కులో వాటా ఇప్పించింది కాబట్టి, నా లెక్కలో ఈ జిల్లా బ్యాంకింగ్ చరిత్రలో దీన్ని మించిన ఘట్టం లేదు.

డిపాజిట్లు తగ్గుతున్నాయన్న గోల

2023-24లో దేశంలో బ్యాంకు రుణాలు 20 శాతం పెరిగాయి. గృహరుణాల సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ తన బ్యాంకులో విలీనం కావడం వల్ల వచ్చింది తీసేసినా 16 శాతం దాకా ఉంది. డిపాజిట్లు మాత్రం 13 శాతం దగ్గరే ఆగాయి. జనం పొదుపు షేర్లు, మ్యూచువల్ ఫండ్ల వైపు పోతోందని రిజర్వ్ బ్యాంకు అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ 2024లో బ్యాంకులను హెచ్చరించారు. ఆ ఏడాది అక్టోబరు నాటికి సిప్‌ల (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే వాయిదాల) ద్వారా నెలకు వచ్చే డబ్బు 25 వేల కోట్లు దాటింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒంగోలులో ఒక టీచరు నెలకు 5 వేలు సిప్‌లో వేస్తే ఆ డబ్బు బ్యాంకుల నుంచి మాయం కాదు. ఫండ్ కంపెనీ ఖాతాలోకి, అక్కడి నుంచి షేరు అమ్మినవాడి ఖాతాలోకి వెళ్తుంది. మరి బ్యాంకులకు బాధేమిటంటే, టీచరమ్మ ఖాతాలో రెండున్నర, మూడు శాతం వడ్డీకి కదలకుండా పడుండే డబ్బు కాస్తా ఎక్కువ వడ్డీ బేరమాడే పెద్ద ఖాతాల్లోకి చేరుతుంది. డబ్బు అదే, బ్యాంకుకు పడే ఖర్చు పెరిగింది. నిజంగా డబ్బు హరించేది ఇంకోచోట ఉంది. 2024 అక్టోబరులో విదేశీ మదుపరులు మన షేర్లను రికార్డు స్థాయిలో అమ్ముకుపోయారు. వాళ్లకు డాలర్లు కావాలి. రూపాయి మరీ జారకుండా రిజర్వ్ బ్యాంకు తన నిల్వల్లోంచి డాలర్లు అమ్మింది, బదులుగా వచ్చిన రూపాయలు వ్యవస్థలోంచి బయటికి పోయాయి. ఆ డిసెంబరులో సీఆర్‌ఆర్ తగ్గించాల్సి రావడానికి ఇదీ ఒక కారణం. 2024-25 వచ్చేసరికి రుణాల వేగం 11 శాతానికి, డిపాజిట్లది 10 శాతం పైచిలుకుకు దిగి, రెండూ ఇంచుమించు కలిసి నడిచాయి.

మళ్లీ మన జిల్లాకు వద్దాం

కోవూరు రైతు అప్పు కోవూరు బ్రాంచి పుస్తకంలో తీరేదాకా అలాగే ఉంటుంది. అప్పుతో పుట్టిన డిపాజిట్ మాత్రం అక్కడ నిలవదు. ట్రాక్టరు కొంటే అది డీలరు మీదుగా ఎక్కడో ఉన్న కంపెనీ ఖాతాకు పోతుంది. ఎరువులూ పురుగుమందులూ అంతే. పిల్లల ఇంటర్ హాస్టల్ ఫీజు విజయవాడకో హైదరాబాద్‌కో వెళ్తుంది. నెల్లూరువాళ్లకైతే చెన్నై మూడు నాలుగు గంటల దూరం. పెళ్లి పట్టుచీరలూ అక్కడే, నగలూ అక్కడే, పెద్ద ఆపరేషనూ అక్కడే. కాస్త మిగిలితే హైదరాబాద్‌లో ఫ్లాటు. ఆ డబ్బు దేశంలోనే, ఎం3లోనే ఉంది కానీ జిల్లా డిపాజిట్ల లెక్కలో లేదు. కాబట్టి సీడీ రేషియో వంద దాటిందంటే బ్యాంకు మునుగుతోందని కాదు, ఎవరో మనకు దానం చేస్తున్నారనీ కాదు. మనం అప్పు ఇక్కడ చేస్తున్నాం, ఖర్చు బయట పెడుతున్నాం. ఊళ్లో కొనే సరుకుల్లో ఎక్కువ భాగం ఊళ్లోనే తయారైతే, అదే అప్పుకు రేషియో తక్కువగా కనిపించేది.

లెక్క ఇంకో రకంగానూ తప్పుదోవ పట్టిస్తుంది. చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి చేసే వ్యాపారి ఖాతా చెన్నై బ్రాంచిలో ఉంటే గెలాక్సీ రాయి తెచ్చిన డాలర్లు తమిళనాడు డిపాజిట్లలో కలుస్తాయి. కృష్ణపట్నం చుట్టుపక్కల వచ్చిన పెద్ద ప్రాజెక్టుల లాంటి వాటికి అప్పులు మహానగరాల్లో మంజూరవుతాయి. అందుకే రిజర్వ్ బ్యాంకు రుణాలను మంజూరు చేసిన చోటును బట్టీ, వాడిన చోటును బట్టీ విడివిడిగా లెక్కిస్తుంది. పేపర్లో వచ్చే వార్త ఈ తేడా చెప్పదు.

ఇక ‘పంట రుణాల లక్ష్యం పూర్తి’ అన్న వాక్యం. మన ఊళ్లలో పంట రుణం చాలావరకు తీరడం ఉండదు, తిరగరాయడమే ఉంటుంది. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, ఏడాదిలోపు కడితే ఇంకో 3 శాతం రాయితీ. దాని కోసం రైతు రెండు రోజులకని బయట అప్పు తెచ్చి బ్యాంకులో కడతాడు. బ్యాంకు మళ్లీ లోను ఇవ్వగానే బయటి అప్పు, దాని మీద కమిషను తీర్చేస్తాడు. సోమవారం చెరిగిపోయిన డబ్బు బుధవారం మళ్లీ పుట్టింది. రైతు చేతికి కొత్తగా వచ్చింది కొద్దిపాటే, ఒక్కోసారి అదీ ఉండదు. జిల్లా నివేదికలో మాత్రం అది ఈ సంవత్సరం పంపిణీ చేసిన రుణం. అందుకే నేను పంపిణీ అంకెను పెద్దగా నమ్మను, బకాయి నిల్వ పోయినేటికన్నా ఎంత పెరిగిందో చూస్తాను. పైగా పాసుపుస్తకం ఉన్న యజమాని పంట రుణం తీసుకుని పిల్లల ఫీజు కడతాడు, సేద్యం చేసే కౌలు రైతు బయట వడ్డీకి తెచ్చుకుంటాడు. 2019 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగు హక్కు కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. లెక్కల్లో మాత్రం ఆ పొలానికి ‘వ్యవసాయ రుణం’ అందినట్టే ఉంటుంది.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతులది కాస్త వేరే దారి. వేలం డబ్బు బ్యాంకు ఖాతాకు వస్తుంది, అప్పు అక్కడే జమ చేసుకుంటారు. ధర బాగున్న ఏడాది బ్యాంకు డబ్బు చక్కగా పుట్టి చక్కగా చెరిగిపోతుంది. ధర పడితే పొగాకు కాల్చే బేరన్ల ఖర్చుకు తెచ్చిన బయటి అప్పే మిగులుతుంది. 2025లో బర్లీ రకం పొగాకు కొనేవాళ్లు లేక చివరికి ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. స్వల్పకాలిక పంటల అప్పు రెండు పంట కాలాలు దాటినా కట్టకపోతేనే మొండిబాకీ కింద రాస్తారు కాబట్టి, రైతు కష్టం బ్యాంకు పుస్తకంలో కనిపించేసరికి చాలా ఆలస్యమవుతుంది.

వనామీ రొయ్యల చెరువుల సంగతి ఇంకా తిరకాసు. ఆక్వా రైతుల్లో ఎక్కువమందికి సీడ్, మేత అరువిచ్చేది డీలరు. పట్టుబడి అయ్యాక రొయ్య డబ్బులోంచి తన బాకీ తీసుకుంటాడు. డీలరుకు మాత్రం బ్యాంకులో క్యాష్ క్రెడిట్ లిమిట్, అంటే కావాల్సినప్పుడు తీసుకుని, చేతికొచ్చినప్పుడు కట్టే అప్పు ఖాతా ఉంటుంది. అంటే రైతు చెరువులో పడ్డ మేత వెనక బ్యాంకు డబ్బు ఉంది కానీ అది ‘వ్యాపార రుణం’ పద్దులో, డీలరు పేరు మీద, డీలరు వడ్డీ కలుపుకుని ఉంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ముందు రొయ్యల కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) ధరకు, తర్వాత రైతుకు, ఆ తర్వాత డీలరుకు తగిలింది. బ్యాంకు వరుసలో చివర ఉంది.

బంగారం

ఈ మధ్య జిల్లా అంకెల్లో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది బంగారు రుణాలను. దేశవ్యాప్తంగా నగల తాకట్టు మీద బ్యాంకులు ఇచ్చిన అప్పు 2024-25లో ఒక్క ఏడాదిలో లక్ష కోట్ల చుట్టుపక్కల నుంచి 2 లక్షల కోట్లకు చేరింది. ఇందులో కొంత పద్దుల మార్పు. వేరే పేర్ల కింద ఉన్న తాకట్టు అప్పులను సరైన పద్దులోకి తెచ్చారు. మిగతాది నిజమైన పెరుగుదల. బంగారం ధర పెరిగితే అదే గొలుసు మీద ఎక్కువ అప్పు వస్తుంది, అంటే ఎక్కువ డబ్బు పుడుతుంది. పంట పెరగలేదు, వ్యాపారం పెరగలేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా, 5 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వొచ్చు. చిన్న అప్పుకు ఎక్కువ వీలివ్వడం మంచిదే. ధర తిరగబడితే తక్కువ ఊపిరి మిగిలేదీ ఆ చిన్న అప్పుకే.

ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల రైతు పంట పోయి డీలరుకు 2 లక్షలు బాకీ పడ్డాడనుకోండి. ఇంట్లో నగలు తాకట్టు పెట్టి బ్యాంకులో 2 లక్షలు తెచ్చాడు. అక్కడ డబ్బు పుట్టింది. డీలరుకు కట్టాడు. డీలరు దాన్ని తన క్యాష్ క్రెడిట్ ఖాతాలో వేశాడు. అక్కడ చెరిగిపోయింది. ఎం3 మొదట ఎంతుందో చివర అంతే ఉంది. వచ్చే సమావేశంలో బంగారు రుణాలు పెరిగాయని, వ్యాపార రుణాల వసూళ్లు బాగున్నాయని చెబుతారు. రెండూ అబద్ధాలు కావు. మేత బాకీ నగల బాకీగా మారి రైతు పేరు మీదికి వచ్చింది.